ఎమర్జెన్సీ గదిలో కోపం ఎక్కడ మొదలవుతుంది?

మేముండే క్రాన్‌బర్న్‌లో ఎమర్జెన్సీ విభాగం లేదు. రాత్రిపూట పిల్లలకు జ్వరం ముదిరితే బెర్విక్‌లోని కేసీ హాస్పిటల్‌కో, డాండెనాంగ్‌కో కారు తీయాల్సిందే. వెళ్లొచ్చిన మనవాళ్ల దగ్గర ఎక్కువగా వినపడే ఫిర్యాదు: ‘మా తర్వాత వచ్చినవాళ్లని ముందు పిలిచారు.’

ఇక్కడ వరస వచ్చిన వేళను బట్టి ఉండదు. ట్రయాజ్ నర్సు రోగిని చూసి ఐదు తరగతుల్లో ఒకదాంట్లో పెడుతుంది. మొదటి తరగతికి తక్షణం, మూడోదానికి 30 నిమిషాల్లో, ఐదోదానికి 120 నిమిషాల్లో వైద్యం మొదలవ్వాలన్నది లక్ష్యం. ఆ గడువులు తరచూ దాటిపోతాయి. వార్డుల్లో బెడ్లు ఖాళీ కాక, అడ్మిట్ కావాల్సినవాళ్లు ఎమర్జెన్సీలోనే ఉండిపోతారు. అంబులెన్సులు వేరే ద్వారం నుంచి వస్తాయి. కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఇవేవీ కనపడవు. ఎంతసేపో తెలిస్తే నాలుగు గంటలైనా కూర్చుంటాం. ఏమీ తెలియకపోతే నలభై నిమిషాలకే నోరు లేస్తుంది.

మనవాళ్లతో ఇంకో చిక్కు. నర్సు అడిగినప్పుడు మొహమాటానికి ‘కొంచెం నొప్పి’ అంటాం. మూడు గంటలు ఓర్చుకుని ఒక్కసారిగా అరుస్తాం. అప్పుడు జబ్బు సంగతి పక్కకుపోయి గొడవ మిగులుతుంది, సెక్యూరిటీ వస్తారు. అరుపుల్ని నేను సమర్థించను. రాత్రంతా నిలబడ్డ నర్సు మాత్రం బెడ్లు ఎక్కడినుంచి తెస్తుంది?

అయితే ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2021 ఏప్రిల్ 3న పెర్త్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో ఏడేళ్ల ఐశ్వర్య అశ్వత్ సెప్సిస్‌తో చనిపోయింది. పాపకు బాగా లేదని ఆ మలయాళీ తల్లిదండ్రులు సిబ్బందికి పదేపదే చెప్పారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 30న మన మెల్‌బోర్న్‌లోనే, క్లేటన్‌లోని మోనాష్ చిల్డ్రన్స్‌లో, ఎనిమిదేళ్ల తెలుగు పాప అమృత లంక గుండె కండరాల వాపుతో కన్నుమూసింది. తమ ఆందోళనను ఎవరూ వినిపించుకోలేదన్నది ఆ తల్లిదండ్రుల ఆవేదన. ఐశ్వర్య మరణం తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో ఆమె పేరుతోనే ‘కేర్ కాల్’ వచ్చింది. రోగి పరిస్థితి దిగజారుతోందనిపిస్తే కుటుంబమే దాని ద్వారా మరోసారి చూడమని అడగవచ్చు.

గొంతు పెంచకుండానే పట్టుబట్టవచ్చు. ట్రయాజ్ నర్సు దగ్గరికి మళ్లీ వెళ్లి, ‘వచ్చినప్పటికంటే అధ్వానంగా ఉంది, మళ్లీ చూడండి’ అనండి. ఏం మారిందో విడమర్చి చెప్పండి: చేతులు చల్లబడ్డాయి, పొద్దుటి నుంచి ఒంటికి పోలేదు, లేపితే సరిగా లేవడం లేదు. ఇంగ్లిష్ రాని అమ్మమ్మని తీసుకెళ్తే, మీరే అనువదించడం మానేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని మొదట్లోనే అడగండి. ఆ సేవకు మనం పైసా కట్టక్కర్లేదు.