బండి వచ్చింది సరే, అందులో ఏముంది?

మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లుంటే మీ ఫోనులో ఏదో ఒక ప్రైవేటు అంబులెన్స్ నంబరు ఉండే ఉంటుంది. అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన అంటించిన స్టిక్కర్ చూసో, కాలనీ వాట్సాప్ గ్రూపులో చూసో రాసుకుని ఉంటారు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎలాంటి బండి వస్తుంది, రోగి పక్కన ఎవరు కూర్చుంటారు అని ఎప్పుడైనా అడిగారా? అడిగిన కుటుంబాలు నాకు చాలా అరుదుగా తారసపడ్డాయి.

హైదరాబాద్‌లో అంబులెన్సులకు కరువు లేదు. ఏ పెద్దాసుపత్రి గేటు ముందు చూసినా అర్ధరాత్రి రెండింటికి కూడా వరసగా నిలబడి ఉంటాయి. నగరానికి అంబులెన్సులు సరిపోతున్నాయా అంటే, తలలు లెక్కపెట్టినట్టు బండ్లు లెక్కపెడితే సరిపోతున్నాయనే అనాలి. ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ ముందు వాటి తలుపులు తెరుచుకోవడం రోజూ చూసే డాక్టరుగా నేను మాత్రం అలా అనలేను. చాలావాటిలో ఉండేది ఒక స్ట్రెచర్, ఒక సిలిండర్, ముందు సీట్లో ఒక డ్రైవర్. అది పడుకుని వెళ్లే ట్యాక్సీ. డయాలసిస్‌కు వెళ్లొచ్చేవారికి, తుంటి ఆపరేషనై ఇంటికెళ్లేవారికి ఆ బండి చాలు. ఊపిరాడని మనిషికి చాలదు.

ఈ తేడా కాగితం మీద స్పష్టంగానే ఉంది. అంబులెన్సుల కోసం మన దేశంలో ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం బండ్లు నాలుగు రకాలు. ముందుగా చేరుకుని ప్రథమ చికిత్స చేసే బైకు లాంటి వాహనం ‘ఏ’ రకం. రోగిని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చేది ‘బి’. బేసిక్ లైఫ్ సపోర్ట్ ఉన్నది ‘సి’, అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ ఉన్నది ‘డి’. ప్రాణాపాయంలో ఉన్న రోగికి కావలసింది చివరి రకం. కానీ రోడ్డు మీద చూస్తే మీకు తెలిసేదేమిటి? అన్నిటి మీదా అవే ఎర్ర అక్షరాలు, అదే సైరన్. కొన్నిటి మీద ‘ఐసీయూ ఆన్ వీల్స్’ అని కూడా ఉంటుంది. చిన్న వ్యానులో రోగి తల దగ్గర మనిషి కూర్చునే జాగా ఉండదు. గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడానికి నిలబడే ఎత్తు కూడా ఉండదు. అలాంటి బండి మీద కూడా నేనా మాట చదివాను. ఫిట్‌నెస్ పరీక్షలో బ్రేకులు, టైర్లు, లైట్లు చూస్తారు. మానిటర్ పనిచేస్తోందా, వెనక కూర్చున్న కుర్రాడికి దాన్ని చదవడం వచ్చా అని క్రమం తప్పకుండా చూసేవారిని నేను చూడలేదు.

ఒక చిన్న లెక్క చెబుతాను. చాలా బండ్లలో ఉండే నడుమెత్తు ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. తీవ్రమైన న్యుమోనియా రోగికి మాస్కుతో నిమిషానికి 10 లీటర్లు పెట్టామనుకోండి. 150 నిమిషాలు వస్తుంది. అంటే రెండున్నర గంటలు. ఖమ్మం నుంచి హైదరాబాద్ రావడానికి నాలుగు గంటలు పడుతుంది. నిండు సిలిండర్‌తో బయల్దేరినా నగరం చేరదు. సగమే ఉంటే సూర్యాపేట దగ్గరే అయిపోతుంది. నగరం లోపలే కదా అని ధీమా పడొద్దు. పొద్దుటి ట్రిప్పుల్లో వాడగా పావు సిలిండర్ మిగిలిన బండి సాయంత్రం ఆరింటికి కూకట్‌పల్లిలో బయల్దేరితే, సికింద్రాబాద్ చేరేలోపు ముల్లు సున్నా దగ్గరికొస్తుంది. స్పేర్ సిలిండర్ ఉందా అని అడగడం చాదస్తం కాదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంటి నుంచి వచ్చే రోగి కాదు, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి మారే రోగి. ప్రైవేటు ఐసీయూలో వారం, పది రోజులు గడుస్తాయి. బీమా పరిమితి దాటుతుంది, పొలమో బంగారమో కుదువకు వెళుతుంది. చివరికి ఒక రాత్రి ‘ఇక గవర్నమెంటుకు తీసుకెళ్లండి’ అంటారు. బిల్లు కట్టించుకుని, సమ్మరీ చేతిలో పెట్టి, వెంటిలేటర్ నుంచి విడదీసి, గేటు బయట నిలబడ్డ బండిలోకి ఎక్కిస్తారు. లోపల అంబు బ్యాగ్ నొక్కేది ఎవరు? చాలాసార్లు కొడుకో, అల్లుడో. పెద్దవారికి అయిదారు సెకన్లకొకసారి నొక్కితే చాలు. కంగారులో ఉన్న కొడుకు సెకనుకోసారి నొక్కుతాడు. పాపం, ఎంత నొక్కితే అంత గాలి అందుతుందనుకుంటాడు. అతి వేగంగా నొక్కితే లోపలికెళ్లిన గాలి బయటికి రాక ఛాతీలో ఒత్తిడి పెరిగి బీపీ పడిపోతుంది. ఆ సంగతి అతనికెవరు చెప్పారు?

అలా వచ్చినవారిలో కొందరికి మా దగ్గర నాడి చూసి, ఈసీజీ తీసి, మరణాన్ని నిర్ధారించడం తప్ప చేసేదేమీ ఉండదు. ‘దారిలో పోయారు’ అంటారు బంధువులు. ఆ దారికి బాధ్యులెవరు? పంపిన ఆసుపత్రి రికార్డులో రోగి ప్రాణాలతోనే వెళ్లాడు. మా రికార్డులో ప్రాణం లేకుండా వచ్చాడు. మధ్యలో గంటసేపు అతను ఎవరి రోగీ కాడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పంపే ఆసుపత్రి బాధ్యత గేటు దగ్గర ముగియకూడదు. రోగి చేరాల్సిన చోట చేరి, అక్కడి డాక్టరు అందుకున్నానని సంతకం చేసేదాకా బాధ్యత పంపినవారిదే కావాలి. ఎవరు వెంట వెళ్లారు, ఏ రకం బండి, ఎంత ఆక్సిజన్ అన్నవి డిశ్చార్జి కాగితం మీదే ఉండాలి. ఈ నియమం ప్రభుత్వాసుపత్రులకూ వర్తించాలి. జిల్లా నుంచి నగరానికి రెఫర్ చేసే మావాళ్లకు మినహాయింపు ఇవ్వమని నేనడగను.

ఇందులో డ్రైవర్లను దొంగలుగా నిలబెట్టడం న్యాయం కాదు. ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్తే కమీషన్ వస్తుందని దారి మళ్లించేవారు ఉన్నారు, కాదనను. కానీ కొవిడ్ రోజుల్లో అయినవాళ్లే ముట్టుకోని శవాలను మోసింది కూడా వీళ్లే. బండి మీద అప్పు తీర్చుకునే మనిషికి ఏ శిక్షణా ఇవ్వకుండా ఐసీయూ రోగిని అప్పగించిన వ్యవస్థది పెద్ద తప్పు. ఛార్జీల సంగతీ అంతే. 2020 సెప్టెంబరులో కొవిడ్ రోగుల అంబులెన్సులకు సహేతుకమైన ఛార్జీ నిర్ణయించమని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మిగతా రోగుల దగ్గర మాత్రం ఎంతైనా అడగొచ్చా? బండి ఏ రకమో, కిలోమీటరుకు ఎంతో తలుపు మీద పెద్దక్షరాలతో రాయించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

మధ్యతరగతి ఇళ్లలో ఒక అపోహ ఉంది, 108 బీదవాళ్ల బండి అని. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైన ఆ సేవ అందరిదీ, ఉచితం. వెనక శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటాడు. హఠాత్తుగా ఛాతీనొప్పి, మూతి వంకర పోవడం, స్పృహ తప్పడం, ప్రమాదం... వీటికి మొదటి ఫోన్ 108కే చేయండి. మీకు నచ్చిన ఆసుపత్రికి కాక దగ్గర్లో ఉన్నదానికి తీసుకెళ్లొచ్చు, ఫర్వాలేదు. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే, అందులో స్కానింగ్ సమయం కూడా కలిసే ఉంటుంది. బండి అరగంటకు గానీ రాదని తెలిసి, ఆసుపత్రి పది నిమిషాల దూరంలో ఉండి, రోగి స్పృహలో ఉంటే మీ కారులోనే బయల్దేరండి. రోగిని మాత్రం స్టీరింగ్ పట్టనివ్వకండి. రోడ్డు ప్రమాదంలో మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే కదపకుండా ఆగడమే మేలు.

ఐసీయూ నుంచి మార్చాల్సి వస్తే తొందరపడి గేటు బయటి బండి మాట్లాడకండి. వెంట నర్సునో టెక్నీషియన్‌నో పంపమని ఆసుపత్రిని అడగండి. కుదరదంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వాల్సి వచ్చేసరికి చాలాసార్లు మనిషి దొరుకుతాడు. చేరబోయే చోట బెడ్, వెంటిలేటర్ ఉన్నాయో లేదో డాక్టరుతో డాక్టరే మాట్లాడాలి, మీరు కాదు. బండి ఎక్కించేముందు మీటర్ మీద ముల్లు ఎక్కడుందో, మానిటర్ వెలుగుతోందో చూడండి. ఛార్జీ ముందే మాట్లాడుకుని రసీదు తీసుకోండి. ఇదంతా రాత్రి రెండింటికి తోచదు. కాబట్టి ఫోనులో ఉన్న ఆ నంబరుకు ఈ ఆదివారమే ఒకసారి ఫోన్ చేసి, మీ దగ్గర ఏ రకం బండి ఉంది, వెనక ఎవరుంటారు అని అడిగి పెట్టుకోండి.