పేరు మారిస్తే పని ఎవరికి పెరుగుతుంది?

యూనిక్స్‌లో కొత్త ఫైల్ తయారుచేయడానికి ‘క్రియేట్’ అని ఓ పాత ఫంక్షన్ ఉంది. ఇంగ్లిష్‌లో రాస్తే చివర ‘ఈ’ అక్షరం ఉండదు. యూనిక్స్‌ను మళ్లీ డిజైన్ చేస్తే ఏం మారుస్తారని కెన్ థాంప్సన్‌ని అడిగితే, ఆ ‘ఈ’ చేరుస్తానని అన్నారట! యాభై ఏళ్లు దాటినా లినక్స్‌లోనూ ఆ స్పెల్లింగ్ అలాగే ఉంది. టైప్ చేయడం క్షణం పని. కానీ ఆ పేరుతో రాసిన ప్రోగ్రాములన్నీ ఏమైపోవాలి?

మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున నడిచేది లినక్స్ కెర్నలే. అక్కడ పేర్ల క్లీనప్ ప్యాచ్ ఎవరు పంపినా చర్చ మొదలైపోతుంది. బయట నుంచి చూస్తే పనిలేని గొడవలా అనిపిస్తుంది. నాకలా అనిపించదు. బ్యాక్‌పోర్టింగ్ నా ఉద్యోగంలో భాగం. అంటే, కొత్త కెర్నల్‌లో వచ్చిన సెక్యూరిటీ ఫిక్స్‌ను పాత వెర్షన్‌కి అతికించడం. మధ్యలో ఎవరో అందం కోసం ఓ వేరియబుల్ పేరు మార్చారనుకోండి, ఆ ప్యాచ్ సాఫీగా అతకదు. చేత్తో సరిచేసుకోవాలి. పైగా ‘గిట్ బ్లేమ్’ కొడితే ఆ లైన్‌ను ఆలోచించి రాసినవాళ్ల పేరు రాదు, పేరు మార్చినవాళ్లది వస్తుంది. అసలు కారణం కోసం ఇంకా వెనక్కి తవ్వుకుంటూ పోవాలి.

అలాగని పేర్లు ముట్టుకోవద్దనను. ప్రాసెస్ మెమరీని కాపాడే ఒక లాక్‌కి చాలా ఏళ్లు ‘ఎంమ్యాప్ సెమ్’ అనే పేరుండేది. సెమ్ అంటే సెమఫోర్. రేపు ఆ లాక్ రకాన్నే మార్చాలనుకుంటే పేరే అబద్ధం అవుతుంది. అందుకని ముందు దాన్ని నేరుగా వాడే చోట్లన్నీ చిన్న ఫంక్షన్ల వెనక్కి చేర్చారు. ఆ తర్వాతే ‘ఎంమ్యాప్ లాక్’ అని మార్చారు. ఇది 2020లో, 5.8 వెర్షన్‌లో జరిగింది. క్లీనప్ అంటే నా దృష్టిలో ఇదీ.

అదే 5.8లో ఇంకో మార్పు గట్టి చర్చే రేపింది. కొత్త కోడ్‌లో ‘మాస్టర్-స్లేవ్’, ‘బ్లాక్‌లిస్ట్-వైట్‌లిస్ట్’ వద్దని కోడింగ్ స్టైల్‌లో చేర్చారు. ‘ఎవరూ ఆ ఉద్దేశంతో పెట్టలేదు కదా’ అన్న వాదన నాకు నచ్చదు. ‘ప్రైమరీ-సెకండరీ’ అంటే పనేం ఆగదు, పైగా అర్థం ఇంకా బాగా తెలుస్తుంది. అయితే యూజర్ ప్రోగ్రాములు ఆధారపడే పాత పేర్లకు మినహాయింపు ఇచ్చారు. అందుకే నెట్‌వర్క్ బాండింగ్‌లో ‘స్లేవ్స్’ అనే ఫైల్ ఇంకా ఉంది. దాన్ని చదివే స్క్రిప్టులు ఎన్ని సర్వర్లలో ఉన్నాయో ఎవరికి తెలుసు?

చిక్కల్లా కేవలం అభిరుచితో చేసే మార్పులతోనే. లూప్ కౌంటర్‌కి ‘ఐ’ చాలు, గ్లోబల్ ఫంక్షన్‌కి మాత్రం పని చెప్పే పేరు ఉండాలని కెర్నల్ పద్ధతి. ఇది చదివి ఉత్సాహంగా పాత డ్రైవర్లలో పేర్లన్నీ సాగదీస్తే మెయింటెయినర్ తిప్పి పంపేస్తారు. బీటెక్ పిల్లలు చాలామంది మొదటి ప్యాచ్ అంటే ఇదే అనుకుంటున్నారు. సరదా ఉంటే ‘స్టేజింగ్’ డైరెక్టరీకి వెళ్లండి. ఇంకా ప్రమాణాలకు రాని డ్రైవర్లు ఉండేది అక్కడే. ఏం బాగుచేయాలో చెప్పే ‘టూడూ’ ఫైళ్లు కూడా చాలావాటికి పక్కనే ఉంటాయి.