తొలిధార, ఐసుముక్క

రాయ్‌పూర్ చెంతనున్న బీర్‌గావ్ కర్మాగారాల పట్టణం. దాని కావల ఛత్తీస్‌గఢ్ పల్లెలు ఇప్పచెట్ల సీమ. అక్కడ ఇప్పసారా కాచేవారు ఎరిగిన సత్యం ఒకటున్నది: తొలిధార ఘాటు, మలిధార పలచన. ధారను ఎక్కడ ఆపాలో తెలియడమే నేర్పు.

దూరదేశపు మన్‌హాటన్ కాక్‌టెయిల్‌ను ఇంట కలిపేవారికీ నీటి పాలు తెలియడమే నేర్పు. 60 మిల్లీలీటర్ల విస్కీ, 30 మిల్లీలీటర్ల తీపి వెర్మూత్, రెండు చుక్కల చేదు మూలికల అర్కం ఐసుముక్కలపై పోసి అర నిమిషం గరిటెతో తిప్పాలి. గిలకొడితే గాలిబుడగలతో మసకబారుతుంది. తిప్పితే తేటగా నిలుస్తుంది. తయారైన పానీయంలో సుమారు ఐదోవంతు, కరిగిన ఐసునీరే.

ఆ నీటితో, చల్లదనంతో నాలుకకు మంట తగ్గుతుంది. గ్లాసులోని మద్యం మాత్రం చుక్కయినా తగ్గదు. గొంతు సుఖంగా దిగినదని రెండవ గ్లాసు అందుకొనేవారు మరువరాని లెక్క ఇది.