మంచినీళ్లంటే ఎన్ని పీపీఎం?

హైదరాబాద్ శివార్లలో రూము వెతికేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న అద్దె ఎంత. రెండోది వైఫై ఉందా. మూడోది "నీళ్లు ఎట్లున్నయ్ అంకుల్?" దానికి ఏ ఓనరైనా చెప్పే జవాబు ఒక్కటే: "బోరుంది బాబూ, ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి." మనం అడిగింది ఎట్లున్నాయని, ఆయన చెప్పింది ఎన్ని ఉన్నాయని. అడ్వాన్స్ ఇచ్చేసి వచ్చేస్తాం.

తర్వాత ఘట్‌కేసర్ అయినా బాచుపల్లి అయినా కథ ఒకటే. వారం తిరక్కుండా బకెట్ లోపల తెల్లటి పొర. షవర్ చిల్లులు సగం మూసుకుపోయి నీళ్లు గోడ మీదికి చిమ్ముతాయి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. వంట చేసుకునే బ్యాచ్‌కి ఇంకో బాధ, ఎన్ని విజిల్స్ వచ్చినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. అమ్మమ్మలు దీన్ని "ఉప్పు నీళ్లు" అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు. పప్పు ఉడికితే మంచినీళ్లు, ఉడక్కపోతే వాడుక నీళ్లు. ల్యాబ్ లేని రోజుల్లో పొయ్యే ల్యాబ్.

కారణం మన కాళ్ల కిందే ఉంది. ఇది గ్రానైట్ నేల. బోరు నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటాయి. మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వచ్చే నల్లా నీళ్లలో ఇవి మామూలుగా తక్కువ. కానీ శివారు అపార్ట్‌మెంట్లలో నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు చాలాచోట్ల ఒకే సంపులో కలుస్తాయి. అందుకే సోమవారం నురగొచ్చిన సబ్బుకి గురువారం రాదు. తప్పు సబ్బుది కాదు.

ఇక ఈ నీళ్లు ప్రమాదమా? భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటిలో హార్డ్‌నెస్ లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే ఆరోగ్య కారణంతో హార్డ్‌నెస్‌కి పరిమితే పెట్టలేదు. కాల్షియం, మెగ్నీషియం మన ఒంటికి కావాల్సినవే మరి. అంటే హార్డ్ వాటర్ ముందుగా దెబ్బకొట్టేది గీజర్‌ని, బట్టల్ని, పప్పుని. జుట్టు కూడా గరుకుగా, పీచులా అవుతుంది, నిజమే. కుదుళ్లతో ఊడటానికి మాత్రం నిద్ర, తిండి, వంశం లాంటి కారణాలు చాలా ఉంటాయి. ఎగ్జామ్స్ నెలలో రాలిన జుట్టంతా బోరు ఖాతాలో వేయకండి.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. భయపడక్కర్లేని దానికి మనం వేలు ఖర్చు పెడుతున్నాం, భయపడాల్సినదాన్ని కొలవనే కొలవడం లేదు.

ఈ భయం అమ్మడానికి రెండు ఆయుధాలున్నాయి. ఒకటి పెన్నులాంటి టీడీఎస్ మీటరు. నిజానికి అది కొలిచేది నీటి విద్యుత్ వాహకతని. దాన్ని ఒక గుణకంతో హెచ్చించి పీపీఎంలో చూపిస్తుంది. కరిగింది కాల్షియమా సోడియమా దానికి తెలీదు. సాఫ్ట్‌నర్ పెట్టి కాల్షియం, మెగ్నీషియం మొత్తం తీసేసినా వాటి స్థానంలో సోడియం వస్తుంది కాబట్టి మీటరు రీడింగు తగ్గదు, వీలైతే కాస్త పెరుగుతుంది. "సాఫ్ట్‌నర్ పని చేయట్లేదు" అని గొడవపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన ముక్క ఇది.

రెండోది ఎలక్ట్రాలిసిస్ డెమో. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చిన ఒక సేల్స్‌మన్ రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు. కడ్డీలు ముంచి స్విచ్ వేశాడు. నల్లా నీళ్లు క్షణాల్లో బురద రంగుకి తిరిగాయి. ఆంటీలందరూ "అయ్యో, ఇవా మేం తాగేది!" అన్నారు. ఆ రంగు నీళ్లది కాదు, కడ్డీది. ఖనిజాలున్న నీటిలో కరెంటు పారి ఇనప కడ్డీ కరుగుతుంది, తుప్పు తేలుతుంది. ఆర్వో నీటిలో కరెంటు పెద్దగా పారదు, కాబట్టి తెల్లగా ఉంటుంది. "ఆ ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పేసి మళ్లీ స్విచ్ వేయండన్నా" అన్నాను. ఆయనకి అర్జెంటుగా ఫోనొచ్చింది.

కొలవాల్సినవి వేరే ఉన్నాయి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లు, ఇంకా ఎక్కువైతే ఎముకలు పాడవుతాయి. ఇది మన పక్క జిల్లా కథే. నీరీ సంస్థ 1975లో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని కనిపెడితే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరొచ్చింది. ఒక జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది ఇట్లాంటి కారణానికి. ఆ నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి, సబ్బుకి నురగ కూడా రావచ్చు. నైట్రేట్, డ్రైనేజీ కలిసిన బ్యాక్టీరియా కూడా అంతే. టీడీఎస్ 150 చూపించే నీళ్లలో కూడా టైఫాయిడ్ క్రిములు ఉండొచ్చు.

ఆర్వో వద్దనడం లేదు. టీడీఎస్ బాగా ఎక్కువున్నచోట, ఫ్లోరైడ్ ఉన్నచోట అది కావాల్సిందే. కానీ లెక్క చూడండి. మామూలు ఇంటి ఆర్వో ఒక లీటరు ఇచ్చి సుమారు మూడు లీటర్లు పైపులోంచి వదిలేస్తుంది. ఒక ఇంటికి తాగడానికి, వంటకి రోజుకి 20 లీటర్లు అనుకుంటే 60 లీటర్లు డ్రైనేజీలోకి. వంద ఫ్లాట్లకి 6,000 లీటర్లు. ఒక మామూలు ట్యాంకరు 5,000 లీటర్లు. ఎండాకాలం డబ్బులిచ్చి ట్యాంకరు తెప్పించుకుని, రోజుకొక ట్యాంకరు పైనే మోరీలో పోస్తున్నామన్నమాట. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వోలను నిషేధించమని పర్యావరణ శాఖను ఆదేశించింది ఇందుకే. బోరు ఎండితే ఇంకా లోతుకి వేస్తాం. లోతుకెళ్లే కొద్దీ చాలాచోట్ల నీళ్లలో ఖనిజాలు పెరుగుతాయి. వాటికి మళ్లీ ఇంకో ఆర్వో.

కాబట్టి కొనేముందు కొలవండి. సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, మామూలు ఒంటి సబ్బు తురుము కొంచెం వేసి గిలకొట్టండి. నురగ లేకుండా పాలలా తెల్లబడితే హార్డ్ వాటర్. షాంపూతో చేయకండి, అది ఎట్లాగైనా నురగొస్తుంది. షవర్‌కి, కెటిల్‌కి పట్టిన పొర నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే వదులుతుంది. ఇప్పటికే ఆర్వో ఉంటే ఆ వదిలేసే నీళ్లు బకెట్‌లో పట్టి బాత్రూమ్‌కి, గచ్చు తుడవడానికి వాడండి.

ఇది చిన్న పని. పెద్ద పని కాలేజీ చేయాలి. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఈడీటీఏ టైట్రేషన్ అందరం చేస్తాం. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ వైన్ ఎరుపు నుంచి నీలానికి తిరగ్గానే రీడింగు రాసి, రికార్డు సబ్మిట్ చేసి మర్చిపోతాం. ఆ శాంపిల్ ఎప్పుడూ సార్ కలిపి పెట్టిన నీళ్లే. దాని బదులు ప్రతి బ్యాచ్ తన హాస్టల్ నల్లా నీళ్లు సీసాలో పట్టుకొస్తే? సిలబస్ మారక్కర్లేదు, కొత్త కెమికల్స్ అక్కర్లేదు. నెలకోసారి ఆ అంకెలు మెస్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా పరీక్షలు ఏడాదికి రెండుసార్లయినా బయటి ల్యాబ్‌లో చేయించి ఆ రిపోర్టు కూడా పక్కనే అంటించాలి. మనం కట్టే హాస్టల్ ఫీజులో ఆ ఖర్చు ఒక మూలకి కూడా రాదు.

అంతవరకు మనమే మొదలుపెడదాం. ల్యాబ్ ఉన్న వారం మీ రూము నీళ్లు ఒక సీసా తెచ్చి టైట్రేట్ చేయండి. ఏరియా, బోరా నల్లానా ట్యాంకరా, వచ్చిన రీడింగు, ఈ మూడూ రాసి క్లబ్బుకి పంపండి. వచ్చే సంచికలో పట్టిక వేద్దాం. తర్వాతి బ్యాచ్ వాళ్లు రూము వెతికేటప్పుడు ఓనర్ని అడగక్కర్లేకుండా దాన్నే చూసుకుంటారు.