గోడ పగలగొట్టే ముందు చప్పుడు వినండి

కోయంబత్తూరులో మాలాంటి పాత మిద్దె ఇళ్లలో పైపులు చప్పుడు చేస్తే వెంటనే వినబడే మాట, "ఇల్లు పాతబడింది, గోడ పగలగొట్టి లైనంతా మార్చాల" అని. దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "అంత ఖర్చెందుకు, అమ్మేస్తే పోలా?" మేము ఈ రెండింటికీ ఒప్పుకోము. చాలా చప్పుళ్లకు కారణం ఇంటి వయసు కాదు. ఒక్కోసారి కొత్తగా పెట్టిన కొళాయే కారణం.

పాత ఇత్తడి కొళాయిని నాలుగైదు చుట్లు తిప్పితేగానీ నీళ్లు ఆగవు. ఇప్పటివి పావు తిప్పుతో మూసుకుంటాయి. పరుగెత్తే నీళ్లు చటుక్కున ఆగితే ఆ విసురంతా పైపు మీద పడుతుంది. ఇనుప పైపులో సెకనుకు 1 మీటరు వేగంతో పోయే నీళ్లను అలా ఆపితే, 100 మీటర్ల ఎత్తున ట్యాంకు పెట్టినదానికంటే ఎక్కువ ఒత్తిడి క్షణకాలం పుడుతుంది. కొళాయి కట్టగానే గోడలో 'దబ్' మనేది అదే. దానికి మందు సులువు: కొళాయి మెల్లగా కట్టండి, గేటు వాల్వు కాస్త బిగించి వేగం తగ్గించండి, ప్రెషర్ పంపు ఉంటే దాని ఒత్తిడి తగ్గించమనండి.

మిగతా చప్పుళ్లు వేరు. కొళాయి సన్నగా తిప్పినప్పుడు 'గడగడ' అదిరితే లోపలి వాషరు అరిగిందో వదులైందో అయ్యుంటుంది. నీళ్లు పోతున్నంతసేపూ 'టకటక' మంటూ, పైపును చేత్తో పట్టుకుంటే ఆగిపోతే క్లాంపు వదులైనట్టు. రబ్బరు ముక్క వేసి బిగిస్తే చాలు. కొన్ని రోజులకొకసారి సిరువాణి నీళ్లు వచ్చేటప్పుడు మొదట 'బుస్' మనేది ఖాళీ పైపులోని గాలి. అది జబ్బు కాదు, కాసేపటికి పోతుంది. అన్నీ కట్టేసినా రాత్రి 'సుయ్' మంటుంటే మాత్రం వదలకండి. ఎక్కడో నీళ్లు పోతున్నాయి. మొదట ఫ్లష్ ట్యాంకు చూడండి.

లైను నిజంగా మార్చాల్సిన ఇళ్లూ ఉన్నాయి. నీళ్లు తుప్పు రంగులో వస్తున్నా, ధార ఏడాదికేడాది సన్నబడుతున్నా, గోడ చెమ్మగిల్లినా పాత ఇనుప పైపు లోపల తినేసినట్టే. అప్పుడు కూడా కొత్త లైను గోడ బయట వేసుకోవచ్చు.

మన పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు నేర్చుకుంటారు. దబ్, గడగడ, టకటక, బుస్, సుయ్ అన్న తేడాలు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. ప్లంబరును పిలిచే ముందు ఏ కొళాయి, ఎప్పుడు, ఏ చప్పుడు అని అవ్వా మనవడూ కలిసి కాగితం మీద రాయండి. అప్పుడు ఆయనకు గోడ చూపించే పని ఉండదు, కొళాయి చూపిస్తే చాలు.

ఇల్లు ఉంచాలా అమ్మాలా అన్నది అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. దాన్ని ఒక అరిగిన వాషరు చేతిలో పెట్టకండి.