మాత్రకున్న రికార్డు మనిషికేదీ?

మన పేటల్లో బి.ఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు పెరుగుతున్న కొద్దీ ‘మందుల కంపెనీలో ఉద్యోగం’ అన్న మాటకు పెళ్లి సంబంధాల్లో సైతం ఒక విలువ ఏర్పడింది. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వైపు షిఫ్టు బస్సు ఎక్కే కుర్రవాణ్ణి చూసి తల్లిదండ్రులు స్థిమితపడుతున్నారు. ఆ సంతోషాన్ని తగ్గించాలని నేనీ వ్యాసం వ్రాయడం లేదు. కానీ సంబంధం మాట్లాడేటప్పుడు జీతమెంతని అడిగే పెద్దలు, ఆ జీతం ఎవరి పేరు మీద వస్తున్నదో అడగడం లేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

ఈ పరిశ్రమ మనకు పరాయిది కాదు. 1935లో సిప్లాను స్థాపించినవారు ఖ్వాజా అబ్దుల్ హమీద్. 2001లో ఆయన కుమారుడు యూసుఫ్ హమీద్ ఎయిడ్స్ రోగులకు కావలసిన మూడు మందుల చికిత్సను రోజుకు ఒక డాలరు కన్నా తక్కువకే అందిస్తామని ప్రకటించి, పేద దేశాల రోగులకు దారి తెరిచారు. ఇక మన బాలానగర్‌లో సోవియట్ సహకారంతో వెలసిన ఐ.డి.పి.ఎల్. ప్రభుత్వ కర్మాగారం ఎందరికో ఈ విద్య నేర్పింది. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డిగారు అక్కడ పనిచేసినవారే. మందుకు కాక, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చిన 1970 నాటి చట్టం కూడా ఈ ఎదుగుదలకు తోడ్పడింది. చౌకగా మందు చేసి ప్రపంచానికి పంపడం గౌరవనీయమైన పని.

పిల్లలు ఆ ఉద్యోగంలో చేరేముందు మన ఇళ్లలో తలెత్తే మొదటి ప్రశ్న గడ్డం గురించి, హిజాబ్ గురించి. నిజానికి ఇది అంత పెద్ద చిక్కు కాదు. ఇంజెక్షన్లు తయారయ్యే శుభ్రమైన గదుల్లో మతంతో నిమిత్తం లేకుండా ప్రతివారూ తల నుండి పాదం వరకు కప్పుకోవలసిందే. గడ్డం ఉన్నవారికి గడ్డపు తొడుగు ఇస్తారు. గాజులు, ఉంగరం, చేతి గడియారం, సుర్మా, అత్తరు ఎవరికీ పనికిరావు. మన ఆడపిల్ల తన స్కార్ఫును దుస్తులు మార్చుకునే గదిలో విడిచి కంపెనీ ఇచ్చిన హుడ్ వేసుకోవలసి రావచ్చు. ఆ హుడ్ స్కార్ఫు కన్నా ఎక్కువే కప్పుతుంది. జుమా నమాజు వేళకు షిఫ్టు మార్చుకోవడం తోటివారితో మాట్లాడుకుంటే చాలాచోట్ల కుదురుతుంది. రాత్రి షిఫ్టులో ఆడపిల్లలను ఇంటి వరకు దింపే బండి ఉన్నదా లేదా అన్నది ముందుగానే తేల్చుకోవాలి. ఇవన్నీ మాటలతో తీరేవి. మాటలతో తీరనివి వేరే ఉన్నాయి.

ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా రిజిస్టర్లు వ్రాసినవాణ్ణి కనుక, మా పేట పిల్లలు తమ పని గురించి చెప్పినప్పుడు నన్ను ఆకట్టుకున్నది అక్కడి కాగితపు క్రమశిక్షణే. వ్రాయనిది జరగనట్టే అన్నది మందుల కంపెనీలో మొదటిరోజే నేర్పే పాఠం. ఏ సంచిలోని పొడి ఎన్ని గంటలకు ఎంత తూచారు, ఎవరు తూచారు, పక్కన నిలబడి ఎవరు సరిచూశారు, యంత్రాన్ని అంతకుముందు ఎవరు కడిగారు అన్నవన్నీ బ్యాచ్ రికార్డులో ఉండాలి. తప్పు పడితే ఒకే ఒక్క అడ్డగీత, పక్కన పొట్టి సంతకం, తేదీ, కారణం. తెల్లరంగు పూయడం నేరం కింద లెక్క. (మా కార్యాలయంలో నగదు పుస్తకానికి కూడా ఇదే నియమం ఉండేది. ఎంతమంది పాటించేవారన్నది వేరే సంగతి.) మందు గడువు తీరిన తరువాత కూడా ఆ రికార్డును భద్రపరచాలి. 2023 ఆగస్టు నుండి 300 ప్రముఖ బ్రాండ్ల మందుల మీద క్యూ.ఆర్. కోడ్ తప్పనిసరి అయింది. ఫోనుతో చూస్తే ఆ మందు ఎక్కడ, ఎప్పుడు తయారైందో తెలిసిపోతుంది. రేపు అమెరికా నుండి తనిఖీ అధికారి వచ్చి ఒక పేజీ అడిగితే నిమిషాల్లో అతని ముందు ఉంచాలి.

ఇంత జాగ్రత్త మాత్రకు ఉన్నది. మరి ఆ మాత్రను చేసిన మనిషికి?

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ కర్మాగారంలో పేలుడు జరిగింది. అక్కడ తయారయ్యేది మందు కూడా కాదు, మాత్ర విడిపోకుండా పట్టి ఉంచే సెల్యులోజ్ పొడి. ఆచూకీ దొరకని ఎనిమిది మందితో కలిపి 54 మందిని కోల్పోయాము. వారిలో అనేకులు బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాల నుండి వచ్చిన శ్రామికులు. దేహాలను గుర్తించడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు చేయవలసి వచ్చింది. లోపల ఎందరున్నారన్న లెక్క తేలక కుటుంబాలు రోజుల తరబడి గేటు ముందూ, ఆసుపత్రుల ముందూ నిలబడ్డాయి. అంతకు ముందటి ఏడాది ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా కర్మాగారంలో సాల్వెంటు ఆవిరి అంటుకుని 17 మంది మరణించారు. ఇది ఒక్క మన సమాజపు బాధ కాదు. కాలినవారి వార్డులో మన పిల్లవాడి పక్క మంచం మీద బీహారీ కుర్రవాడుంటాడు, ఆ పక్కన శ్రీకాకుళం మనిషి ఉంటాడు.

మా పేట యువకుడొకడు ఒక బల్క్ డ్రగ్ కర్మాగారంలో పనిచేసేవాడు. పేర్లు అనవసరం. రియాక్టరు వద్ద వేడి ద్రవం పడి పాదం కాలింది. ఇతడు మా మనిషి కాడని కంపెనీ అన్నది, గత వారమే చేరాడని లేబర్ ఏజెన్సీ అన్నది. కానీ అతడు పధ్నాలుగు నెలలుగా అక్కడే పని చేస్తున్నాడు. నియామకపు ఉత్తర్వు లేదు, జీతం చీటీ లేదు. చివరకు అతనికి అక్కరకు వచ్చినవి వాళ్ల అమ్మీ బీరువాలో పాత బట్టల కింద దాచిన షిఫ్టు బస్సు పాసులు. నెలకొకటి చొప్పున పధ్నాలుగు పాసులనూ అట్టకు అంటించి, అర్జీతో జతచేసి ఈ.ఎస్.ఐ. కార్యాలయానికి తీసుకువెళ్లాము. నాలుగుసార్లు తిరిగిన తరువాత అర్జీ స్వీకరించారు.

చట్టం లేక కాదు. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పనిచేసేవారికి ప్రత్యేక హక్కులిచ్చారు. తాను వాడే రసాయనం వల్ల కలిగే హాని ఏమిటో కార్మికుడు తెలుసుకోవచ్చు. పనిలో పెట్టేముందూ, ఆ తరువాత ఏడాదికోసారీ వైద్య పరీక్ష చేయించి, ఆ రికార్డును యాజమాన్యం అతనికి అందుబాటులో ఉంచాలి. ముప్పు కనబడితే హెచ్చరించే హక్కు అతనికుంది. మన పిల్లల్లో ఎందరో తాము ఎత్తి పోసే డ్రమ్ము మీద కోడ్ నంబరు తప్ప లోపలి పదార్థం పేరు ఎరుగరు. తలనొప్పి వస్తే టీ తాగి సర్దుకుంటారు.

ఈ.ఎస్.ఐ. సంగతి కొంత వివరంగా చెప్పాలి. నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. పదహారు వేల జీతగాడి నుండి కోసుకునేది 120 రూపాయలు, యాజమాన్యం కట్టవలసినది 520. పనిలో గాయపడి ఇంట కూర్చున్నవారికి వేతనంలో 90 శాతం వస్తుంది. ప్రాణం పోతే ఆ మేరకు ఆధారపడిన కుటుంబానికి నెలనెలా పింఛను అందుతుంది. పని గాయానికి ఇన్ని నెలల సర్వీసు ఉండాలన్న నిబంధన లేదు, మొదటి రోజు నుండే రక్షణ ఉన్నది. అందుకే నమోదును వాయిదా వేసే ఏజెన్సీని అనుమానించాలి. మందుల ప్రతినిధులుగా ఊరూరా తిరిగే పిల్లలకు కూడా నియామక పత్రం ఇవ్వాలని 1976 చట్టంలోనే ఉండేది.

“అడిగితే ఉద్యోగం ఊడుతుంది చాచా” అని పిల్లలంటారు. నిజమే, ఒక్కడు అడిగితే ఊడుతుంది. అందుకే కార్మిక సంఘం ఉన్నచోట సంఘం అడగాలి, లేనిచోట పేట పెద్దలు అడగాలి. కులం, మతం చూడక ఆ బస్సులో వెళ్లే అందరి తరఫునా అడగాలి. ఇంకొక కోరిక ప్రభుత్వానికి వినిపించాలి. ప్రతి షిఫ్టులో లోపల ఉన్నవారి పేర్లు, కాంట్రాక్టు మనుషులతో సహా, ప్లాంటుకు దూరంగా మరొక చోట ఆ పూటకాపూట నమోదు కావాలి. ప్రతి బ్యాచ్ వివరాలూ కంప్యూటరులో ఉంచగల కంపెనీకి ఇది భారం కాదు.

మసీదు కమిటీలు ఈలోగా చేయగలిగింది ఉన్నది. జుమా తరువాత అరగంట ఒక బల్ల, ఒక పొడుగు రిజిస్టరు వేసుకుని కూర్చుంటే చాలు. నియామక పత్రం, ఈ.ఎస్.ఐ. నంబరు, పీఎఫ్ నంబరు, ఏజెన్సీ పేరు, పనిచేసే బ్లాకు వ్రాసుకోవాలి. ఒక జిరాక్సు ఇంట్లో, ఒకటి కమిటీ దగ్గర ఉండాలి. నియామక పత్రం ఇవ్వలేదంటే గేటు పాసు ఫోటో తీసుకున్నా సరే. బస్సు పాసులు మాత్రం పారవేయవద్దని తల్లులకు చెప్పండి.