దూకలేని దేవాంగ పిల్లి

దేవాంగ పిల్లి అసలు పిల్లే కాదు. కోతులు, కొండముచ్చులు, మనుషులు ఉన్న ప్రైమేట్ల కుటుంబంలోదే అది కూడా. ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్ అంటారు. పావు కిలో బరువు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, తోక లేని ఒళ్ళు, ముఖమంతా కళ్ళే. మన శేషాచలం కొండల్లో ఉంది. చిత్తూరు వైపు నుంచి హాస్టల్‌కు వచ్చిన తమ్ముళ్ళలో కొందరైనా దాని పేరు వినే ఉంటారు. విన్నది మాత్రం ఎక్కువగా భయపెట్టే కథలే అయి ఉంటాయి.

రాత్రి చెట్టు మీద రెండు నిప్పుకణికలు కనిపిస్తే దయ్యం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. దాని కంటి వెనుక అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన కాస్త వెలుతురునూ తిప్పి పంపి చీకట్లో చూపునిచ్చేది అదే. మన టార్చిలైటు వెలుగే మనకు నిప్పుగా కనిపిస్తుంది. అంత చూపు ఉండటమే దానికి శాపమైంది. దాని కళ్ళు కంటి జబ్బులకు మందనీ, వశీకరణకు పనికొస్తాయనీ చెప్పి పట్టి చంపేవాళ్ళు దక్షిణాదిలో ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పెద్దపులి పక్కనే దీని పేరూ ఉంది. పట్టినా, అమ్మినా జైలే.

రెండో అపవాదు బద్ధకం. 1758లో లిన్నేయస్ సింహళపు లోరిస్‌కు పెట్టిన పేరులో టార్డిగ్రేడస్ అనే మాట ఉంది. అంటే మెల్లగా నడిచేది అని. ఆయన ఎప్పుడూ ఆసియాకు రాలేదు, దాన్ని నడిరాత్రి కొమ్మ మీద చూడలేదు. (క్లాసులో మొదటిరోజే మనలో కొందరికి మొద్దు అని పేరు పెట్టేవాళ్ళు నాకు గుర్తొస్తారు. పోనివ్వండి.) మెల్లగా నడవడం దాని వేట పద్ధతి. ఆకు కదలకుండా పురుగు దగ్గరకు చేరుతుంది. ఆ తర్వాత చెయ్యి విసిరి పట్టేది రెప్పపాటులోనే. దాని చేతుల్లో, కాళ్ళలో రక్తనాళాలు సన్నని పాయలుగా చీలి వలలా అల్లుకొని ఉంటాయి. అందుకే ఒక కొమ్మను గంటలకొద్దీ పట్టుకున్నా తిమ్మిరెక్కదు. చీమలు, పెంకు పురుగులు, ఇతర జంతువులు ముట్టని కంపు పురుగులు కూడా తింటుంది. మన పొలాల దగ్గర ఉంటే మనకు నష్టం ఏముంది చెప్పండి?

అసలు సంగతి ఇక్కడే ఉంది. లోరిస్ దూకలేదు. కోతి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఎగిరి పోతుంది. ఇది మాత్రం ముందు కొమ్మను ఒక చేత్తో గట్టిగా పట్టుకున్నాకే వెనక కొమ్మను వదులుతుంది. రెండు కొమ్మల మధ్య బారెడు ఖాళీ వచ్చిందంటే దానికి అదొక ఏరు. నేలకు దిగి నడవాల్సిందే. నేల మీద కుక్కలుంటాయి, రోడ్డు మీద లారీలుంటాయి.

అందుకే మందుల కోసం చంపేవాళ్ళ కన్నా నాకు ఎక్కువ భయం మన కంచెల గురించే. ఈ జంతువు పెద్ద అడవిలోనే ఉండాలనేమీ లేదు. ముళ్ళపొదలు, తుమ్మలు, చింతలు, చేల చుట్టూ జెముడు కంచెలు చాలు. ఆ కంచెలు కొట్టేసి రాతి కూసాలు పాతి ఇనుప తీగ లాగితే రైతుకు మూరెడు నేల కలిసొస్తుంది, లోరిస్‌కు దారి తెగిపోతుంది. ఆ కంచెలు కొట్టే కూలికి మా నాన్న కూడా పోయాడు. ఆ కూలి డబ్బులతోనే నా నోటు పుస్తకాలు వచ్చాయి. కాబట్టి కూలివాడిని, రైతును తిట్టి ఊరుకోవడం నాకు చేతకాదు. కానీ వంద గజాల కంచెలో అంతా కొట్టకుండా చెట్టుకూ చెట్టుకూ కొమ్మలు తగిలేలా ఒక వరస వదిలితే ఎవరి పంటా పోదు.

తమిళనాడు ప్రభుత్వం 2022లో కరూరు, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను కడవూరు దేవాంగ పిల్లుల అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో దీని కోసమే పెట్టిన మొదటి అభయారణ్యం అది. మంచి పని. మన దగ్గరా కావాలి. అయితే అభయారణ్యం గీత దాటిన చోట చేల మధ్య బతికే వాటి సంగతేమిటి? ఇండోనేషియాలోని జావా ద్వీపంలో ఇదే సమస్య వచ్చింది. అక్కడి లోరిస్ వేరే జాతి, అదీ దూకలేనిదే. పొలాల మీదుగా చెట్టు నుంచి చెట్టుకు నీటి గొట్టాలు కట్టి ఇచ్చారు. రైతుకు నీళ్ళు పారాయి, లోరిస్‌లు గొట్టాల మీద నడిచి అవతలికి పోయాయి. కోట్లు కావాల్సిన పని కాదిది.

తమ్ముళ్ళూ, సెలవులకు ఊరికి పోయినప్పుడు టార్చికి ఎర్ర కాగితం చుట్టి, ఒక పెద్దమనిషిని తోడు తీసుకొని కంచె వెంబడి చూడండి. తెల్లటి వెలుగు దాని కళ్ళకు బాధ. కనిపిస్తే ముట్టుకోవద్దు. ఏ చెట్టు మీద, ఏ తేదీన, ఎన్ని ఉన్నాయో రాసి పెట్టండి. దెబ్బ తగిలి నేల మీద పడి ఉంటే ఫారెస్టు వాళ్ళకు కబురు చేయండి. వాళ్ళు వచ్చేదాకా కుక్కలను దగ్గరికి రానివ్వకండి.